రాజుల జత, రమ్మీ డ్రాపు, ఒక పాత తీర్పు

చెత్త ముక్కలొస్తే పడేసి లేవడం ఎవడికైనా వచ్చు. మంచి ముక్కలొచ్చినప్పుడు లేవాలా వద్దా అన్నదే అసలు తలనొప్పి. ఈ తలనొప్పితో నేను రెండుసార్లు డబ్బు పోగొట్టుకున్నాను. ఒకసారి లేవకూడని చోట లేచి, ఇంకోసారి లేవాల్సిన చోట లేవక. మొదటిసారి పోయింది ఒక పిజ్జా డబ్బులు. రెండోసారి పోయింది చెప్పుకోడానికి సిగ్గుపడేంత. ఆ రెంటి మధ్యలో చాలా చరిత్ర ఉంది. సికింద్రాబాదులో ఒక క్లబ్బు, ఢిల్లీలో ఒక తీర్పు, కెనడాలో ఒక ప్రోగ్రాము, మా నిడమనూరులో మా పెద్దనాయన. కాస్త ఓపిక పట్టండి, అన్నీ ఒక చోటికే వస్తాయి.

ముందు పిజ్జా సంగతి. 2006లో నేను ప్రాజెక్టు పని మీద కాలిఫోర్నియాలో ఉన్నాను. శుక్రవారం రాత్రయితే మన తెలుగు బ్యాచిలర్లం ఏడెనిమిది మందిమి ఒకడి అపార్టుమెంటులో చేరి టెక్సస్ హోల్డెమ్ ఆడేవాళ్ళం. మాది లిమిట్ ఆట. అంటే ఎంత పడితే అంత పందెం కాయడానికి లేదు. మొదటి రెండు రౌండ్లలో 2 డాలర్లు, తర్వాతి రెండు రౌండ్లలో 4 డాలర్లు, అంతే. ఎవడి జీతమూ ఒక్క రాత్రిలో ఎగిరిపోకూడదని పెట్టుకున్న రూలు.

ఆ రోజు నాకు రెండు రాజులొచ్చాయి, ఇస్పేటూ కళావరూ. హోల్డెమ్‌లో ఆసుల జత తర్వాత ఇంతకన్నా మంచి చెయ్యి లేదు. రేజ్ చేశాను, ఇద్దరు మిగిలారు. కింద ఆఠీన్ పది, ఆఠీన్ ఆరు, కళావర్ రెండు పడ్డాయి. బెట్ వేశాను, ఇద్దరూ కాల్ చేశారు. నాలుగో ముక్క డైమన్ ఎనిమిది. మళ్ళీ వేశాను, ఒకడు లేచిపోయాడు. ఐదో ముక్క ఆఠీన్ ఆసు. అప్పటిదాకా నోరు మూసుకుని కాల్ చేస్తున్నవాడు ఠక్కున తనే 4 డాలర్లు ముందుకు తోశాడు.

ఆలోచించాను. ఆసు ఉన్నవాడు నన్ను కొట్టాడు. చేతిలో రెండు ఆఠీన్లున్నవాడూ నన్ను కొట్టాడు. నా రాజులు ఇప్పుడు మంత్రులు కూడా కాదు. "మనకు క్రమశిక్షణ ఉంది గురూ" అని ఒక నవ్వు నవ్వి, రాజుల జత అందరికీ చూపించి మరీ పడేశాను. వాడు తన ముక్కలు తిప్పాడు. పదీ, తొమ్మిదీ. ఆఠీన్ ఒక్కటీ లేదు. "ఆసు చూస్తే నువ్వు లేస్తావని తెలుసు" అన్నాడు, అంతా ఘొల్లున నవ్వారు.

ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. మాట్లాడేది మనం ఇంజనీర్లం కాబట్టి మీరూ వెయ్యండి. వాడి బెట్‌తో కలిపి మధ్యలో 31 డాలర్లున్నాయి. నేను పెట్టాల్సింది 4. నాలుగుని ముప్ఫై అయిదుతో భాగిస్తే 11.4 శాతం. అంటే తొమ్మిదిసార్లలో దాదాపు ఒక్కసారి నా రాజులు నెగ్గితే చాలు, కాల్ చెయ్యడం నష్టం కాదు. వాడు బ్లఫ్ చేసే అవకాశం అంతకన్నా తక్కువని నేను ఏ ఆధారంతో తేల్చాను? ఏ ఆధారమూ లేదు. లిమిట్ ఆటలో కిటుకంతా ఇక్కడే ఉంది. తప్పుగా కాల్ చేస్తే పోయేది ఒక్క బెట్టు. తప్పుగా లేస్తే పోయేది మధ్యలో ఉన్న కుప్ప మొత్తం. కాబట్టి కుప్ప పెద్దదయ్యాక మంచి జత పట్టుకుని చివరి బెట్టుకి లేవాలంటే, ఓడిపోతున్నానని తొంభై శాతం ఖాయం చేసుకోవాలి. "ఓడిపోయాననిపిస్తోంది" సరిపోదు. నో-లిమిట్‌లో సంగతి వేరు. అక్కడ ఎదుటివాడు మన ముందున్న డబ్బంతా ఒకే దెబ్బకి అడగగలడు.

మరి నాకా క్రమశిక్షణ ఎక్కణ్ణుంచి వచ్చింది? నిడమనూరు నుంచి. పేకాటంటే నాకు తెలిసింది రమ్మీ. రమ్మీ నేర్పింది మా పెద్దనాయన.

మాది సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. 1955 డిసెంబరులో నెహ్రూ పునాదిరాయి వేసిన ప్రాజెక్టు నుంచి 1967లో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. పెద్దనాయనకి అప్పటికి ఇరవై దాటాయి. నీళ్ళు రాకముందు మెట్టసేద్యం, వచ్చాక వరి. వరితో పాటు మిర్యాలగూడ మిల్లు నుంచి చేతికొచ్చే డబ్బు, నాటుకీ కోతకీ మధ్య తీరిక. ఆ తీరికలోకి పేక వచ్చిందని ఆయనే చెప్పేవాడు. సెలవులకి ఊరెళ్తే నన్ను వెనక కూచోబెట్టుకుని ఆడేవాడు. పదమూడు ముక్కలు సర్దుకుని చూస్తాడు. నాకు బ్రహ్మాండంగా కనిపించిన చెయ్యి కూడా ఒక్కోసారి బోర్లా పెట్టి "డ్రాప్" అనేవాడు.

"ఎందుకు పెద్దనాయనా, మంచిగున్నయి గదా?" అంటే ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే. "మంచిగున్నయో లేవో చిన్నపోరడన్న చెప్తడురా. ఎదుటోని ముక్కలకన్న మంచిగున్నయా, అది చూడాలె."

రమ్మీలో డ్రాపు లెక్క మీకు తెలిసే ఉంటుంది. మొదట్లోనే లేస్తే 20 పాయింట్లు, మధ్యలో లేస్తే 40, ఫుల్ కౌంట్ పడితే 80. ఇద్దరే ఆడుతున్నారనుకుందాం. గెలిస్తే సగటున 40 వస్తాయి, ఓడితే సగటున 40 పోతాయి అనుకుంటే, మొదటే లేవకుండా ఆడాలంటే గెలిచే అవకాశం 25 శాతం దాటాలి. అదే ఓడినప్పుడల్లా ఫుల్ కౌంట్ పడే చెయ్యి అయితే, జోకరు లేక, సీక్వెన్స్ లేక, రాజులూ రాణులూ నిండుగా ఉన్న చెయ్యి అన్నమాట, అప్పుడు 50 శాతం దాటాలి. గమనించారా? ఇది పోకర్ లెక్కకి బోర్లా. లిమిట్ పోకర్‌లో లేవడం ఖరీదు, కూర్చోవడం చవక. రమ్మీలో లేవడం చవక, కూర్చోవడం ఖరీదు. నేను ఒక ఆటలో నేర్చుకున్న మంచి అలవాటుని ఇంకో ఆటలోకి కాపీ-పేస్ట్ చేశాను. ఒక సిస్టం కోసం రాసిన కోడు తెచ్చి ఇంకో సిస్టంలో పెడితే ఏమవుతుందో మనకి తెలియనిదా?

సరే, ఇప్పుడు చరిత్రలోకి.

సాగర్ కాలువలకి నీళ్ళొచ్చిన ఆ 1967లోనే, నవంబరులో, రమ్మీ ఆడేవాళ్ళందరికీ ఇంకో వరం దొరికింది. దాని మూలం సికింద్రాబాదులో ఉంది. 1963 మేలో అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. లోపల డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. కేసు పెట్టింది నిజాం కాలపు చట్టం కింద, హైదరాబాద్ గ్యాంబ్లింగ్ చట్టం. దాని సంవత్సరం ఫసలీ 1305, మన లెక్కలో 1895-96 ప్రాంతం. మేజిస్ట్రేటు శిక్ష వేశాడు. సెషన్స్ జడ్జి ఆ శిక్ష నిలవదని హైకోర్టుకి రాశాడు, హైకోర్టు ఒప్పుకుంది. రాష్ట్ర ప్రభుత్వం ఊరుకోక సుప్రీం కోర్టుకి వెళ్ళింది. అదే ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ కె. సత్యనారాయణ కేసు. తీర్పు రాసింది జస్టిస్ హిదయతుల్లా. మరుసటి ఏడాదే ఆయన ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

తీర్పు సారం ఏవిటంటే, రమ్మీ మూడు ముక్కలాట లాగా ఒట్టి అదృష్టం కాదు. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి. ముక్కలు కలిపి పంచుతారు కాబట్టి అదృష్టం ఉంటుంది, కానీ ఆ పాటి అదృష్టం బ్రిడ్జిలోనూ ఉంది. కాబట్టి ఇది ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట. నైపుణ్యం ఉన్న ఆటలకి ఆ చట్టం వర్తించదు. రాష్ట్రం అప్పీలు ఓడిపోయింది.

మన దేశంలో రమ్మీ క్లబ్బులన్నీ, ఆ తర్వాత నలభై ఏళ్ళకి వచ్చిన రమ్మీ వెబ్‌సైట్లన్నీ నిలబడింది ఈ ఒక్క పునాది మీదే. 1974లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కూడా నైపుణ్యం ఉన్న ఆటలకి మినహాయింపు ఉంచింది. 1996లో గుర్రప్పందేల కేసులోనూ సుప్రీం కోర్టు ఈ రమ్మీ తీర్పునే గుర్తుచేసుకుంది. ఒక సికింద్రాబాదు క్లబ్బు గొడవ దేశానికి పాఠమైందంటే మనం గర్వపడాలో ఏం పడాలో మీరే చెప్పండి.

నైపుణ్యం అంటే ఎంత నైపుణ్యం అని లెక్కలవాళ్ళు అంతకు ముందు నుంచే తవ్వుతున్నారు. 1928లో జాన్ ఫాన్ నాయ్‌మన్ ఇద్దరు ఆడే ఆటల మీద ఒక సిద్ధాంతం నిరూపించాడు. 1944లో మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి రాసిన పుస్తకంలో పోకర్‌కి ఒక విభాగమే కేటాయించాడు. బ్లఫ్ అంటే మోసగాడి బుద్ధి కాదు, సరైన ఆటలో తప్పనిసరి భాగమని అక్కడ లెక్కతో చూపించాడు. బ్లఫ్ ఉండాల్సిందే అయితే, బ్లఫ్‌ని పట్టుకోవడానికి మంచి జతతో అప్పుడప్పుడూ ఓడిపోతూ కూడా కాల్ చేస్తూ ఉండాల్సిందే. నా రాజుల జతకి సమాధానం 1944లోనే ఉందన్నమాట.

పూర్తి సమాధానం మాత్రం 2015 జనవరిలో వచ్చింది. కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయంలో మైకేల్ బౌలింగ్ బృందం ఇద్దరు ఆడే లిమిట్ హోల్డెమ్‌ని ఆచరణలో పూర్తిగా సాధించేశామని సైన్స్ పత్రికలో ప్రకటించింది. ప్రోగ్రాము పేరు సెఫియస్. 4,800 కోర్లు 68 రోజుల పాటు తనతో తనే ఆడుకున్నాయి. మనిషి జీవితకాలమంతా ఆడినా దాన్ని గణనీయంగా ఓడించానని నిరూపించలేడు. అంత దగ్గరగా వచ్చింది సరైన ఆటకి.

మన బోటివాళ్ళకి నచ్చేది దాని పద్ధతి. 2007లో అదే విశ్వవిద్యాలయంలో పుట్టిన పద్ధతికి మెరుగు అది. ప్రతి నిర్ణయం దగ్గరా "ఇలా కాకుండా అలా చేసుంటే ఎంత బాగుండేది" అనే అంకెను రాసుకుంటూ పోతుంది. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు రిగ్రెట్. అంటే చింత. ఏ పని చెయ్యనందుకు చింత ఎక్కువుందో తర్వాతిసారి ఆ పని ఎక్కువ చేస్తుంది. కొత్త మెరుగులో ఇంకో చిన్న మార్పు, చింత సున్నా కన్నా కిందికి పోనివ్వరు. ఒక ఎత్తు చాలాసార్లు చెడగొట్టినా దాన్ని శాశ్వతంగా వెలివెయ్యరు, మళ్ళీ పనికొచ్చే సూచన కనపడగానే వెంటనే ప్రయత్నిస్తారు. చివరికి అది తేల్చేది "రాజుల జతతో ఎప్పుడూ లేవకు" లాంటి సూత్రం కాదు. ఒకే చెయ్యి, ఒకే పరిస్థితి అయినా కొన్ని చోట్ల ఇన్నిసార్లు కాల్, ఇన్నిసార్లు ఫోల్డ్ అనే పాళ్ళు.

యంత్రానికీ మనకీ తేడా ఎక్కడంటే, యంత్రం అన్ని చింతలనీ సమానంగా రాసుకుంటుంది. మనకి మాత్రం లేచాక ఎదుటివాడు పది-తొమ్మిది చూపించిన రాత్రి పదేళ్ళయినా గుర్తుంటుంది. లేవకుండా కూర్చుని పోగొట్టుకున్న వంద రాత్రులు తెల్లారేసరికి మరిచిపోతాం.

ఇప్పుడు నా రెండో సంగతి.

హైదరాబాదు తిరిగొచ్చాక, 2015లో ఫోన్లో రమ్మీ మొదలుపెట్టాను. ఏ కంపెనీ యాప్ అన్నది అనవసరం. పెళ్ళయింది, పాప పుట్టింది, రాత్రి అందరూ పడుకున్నాక నాలుగు ఆటలు. ఆటకి 500. "నేను జూదం ఆడట్లేదు, సుప్రీం కోర్టు చెప్పింది" అనే వాక్యం నాకు కంఠతా వచ్చు. పైగా నేను లెక్కల మనిషిని. ప్రతి ఆటా ఎక్సెల్‌లో ఎక్కించాను. డ్రాపుల శాతం, గెలుపుల శాతం, అన్నీ. పద్నాలుగు నెలల్లో 1,680 ఆటలు.

2016 దసరాకి ఊరెళ్ళినప్పుడు ఆ షీటు పెద్దనాయనకి గొప్పగా చూపించాను. సుప్రీం కోర్టు కథ కూడా చెప్పాను. ఆయన అద్దాలు పెట్టుకుని ఫోను దూరంగా పట్టుకుని చూశాడు. అంకెలేవీ అడగలేదు. "మరి ఆడిపిచ్చేటోనికెంత?" అన్నాడు.

అంటే, క్లబ్బువాడికి ఎంత పోతుంది అని.

ఆ కాలమ్ నా షీటులో లేదు. ప్రతి ఆటలోనూ అందరూ కట్టిన డబ్బులోంచి పది శాతం మినహాయించుకున్నాకే గెలిచినవాడికి ఇస్తారని నాకు తెలుసు, కానీ దాన్ని ఎప్పుడూ కూడలేదు. ఆ రాత్రి కూడాను. 1,680 ఆటలు, ఆటకి 500, మొత్తం 8 లక్షల 40 వేలు. అందులో పది శాతం 84 వేలు. నేను మొత్తమ్మీద పోగొట్టుకుంది 91 వేలు. అంటే ఆటలో నేను ఓడింది 7 వేలే. మిగతాదంతా బల్లకి కట్టిన అద్దె. నా నైపుణ్యం నిజమే. నాతో ఆడినవాళ్ళదీ నిజమే. ఇద్దరం సమానంగా ఆడితే ఇద్దరమూ నెమ్మదిగా అరిగిపోతాం. అరగనివాడు ఒక్కడే, ముక్క కూడా ముట్టనివాడు.

ఇంటికొచ్చి ఆ 1967 తీర్పు మొదటిసారి మొత్తం చదివాను. అంతకు ముందు చదివింది దాని గురించి వెబ్‌సైట్లవాళ్ళు రాసుకున్న రెండు పేరాలే. తీర్పులో రెండో సగం ఉంది. క్లబ్బు సిట్టింగ్ ఛార్జీ, పేక ఖర్చు వంటి చిన్న రుసుములు తీసుకుంటే అది లాభం కాదు, సభ్యులకి సౌకర్యాలు కల్పించడానికి అది మామూలే అన్నారు. కానీ ఆడించేవాడు ఆ ఆట నుంచి లాభం చేసుకుంటున్నాడని సాక్ష్యం ఉంటే మాత్రం నేరం నిలబడొచ్చు అని కూడా అన్నారు. నైపుణ్యం ఉన్న ఆటే అయినా సరే.

చూశారా? పెద్దనాయన అడిగిన ప్రశ్నే. ఆయన సెక్షన్లు చదవలేదు, ఆయకట్టు మీద ఎవరెవరి ఇళ్ళు ఎట్లా పోయాయో చూశాడు, అంతే. యాభై ఏళ్ళ పాటు ఆ తీర్పులో మొదటి సగాన్ని ఫ్రేము కట్టించుకున్నాం, రెండో సగాన్ని అటక మీద పెట్టాం.

తర్వాతి కథ మీకు తెలిసిందే. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆన్‌లైన్ రమ్మీని కూడా నిషేధంలోకి లాగింది. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ అదే దారి పట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం అసలు నైపుణ్యమా అదృష్టమా అన్న ప్రశ్ననే పక్కకి తోసేసింది. డబ్బు కట్టి డబ్బు ఆశించి ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా ఒకటే అంది. మనిషి తన డబ్బుతో తను ఏం చేసుకోవాలో ప్రభుత్వం చెప్పడమేమిటని మిత్రులు వాదిస్తారు. ఆ వాదనలో పస లేదని నేను అనను. నిషేధాలతో ఆటలు ఆగిపోవని పేకాట దాడుల వార్తలు రోజూ చదివే మనకి తెలుసు. కానీ "ఇది నైపుణ్యం కాబట్టి ఫరవాలేదు" అన్న వాక్యాన్ని మాత్రం ఇక నేను మొయ్యలేను. నైపుణ్యం ఉందా లేదా అన్నది ఒక ప్రశ్న. ఆ నైపుణ్యం ఫలితం ఎవరి జేబులోకి పోతోందన్నది వేరే ప్రశ్న. నేను మొదటిదానికి జవాబు దొరికిందని రెండోది అడగడం మానేశాను. ఉద్యోగాల్లో, స్టాకుల్లో, ఆప్షన్స్ ట్రేడింగులో కూడా ఇదే చేస్తామేమో. తెలివైనవాళ్ళం కాబట్టి మనం ఆడుతున్న బల్ల అద్దె లెక్క వేసుకోం.

యాప్ నేను 2016 దసరా సెలవుల్లోనే తీసేశాను, నిషేధం రాకముందే. ఇదేదో గొప్ప కోసం చెప్పట్లేదు. తీసేసే రోజుకి నా గెలుపుల శాతం మెరుగుపడుతోంది, షీటులో గీత పైకి వెళ్తోంది. నిజంగా మంచి ముక్కలే. అందుకే అంత కష్టమైంది. చెత్త ముక్కలైతే ఎప్పుడో పడేసేవాణ్ణి.

శుక్రవారం బ్యాచ్‌లో కొందరం ఇప్పటికీ ఏడాదికోసారి కలుస్తాం. అద్దె లేని బల్ల, చింతపిక్కలతో ఆట. పోయినసారి మళ్ళీ రాజుల జత వచ్చింది, మళ్ళీ చివర్లో ఆసు పడింది, మళ్ళీ ఎవడో ముందుకు తోశాడు. కుప్ప లెక్కపెట్టుకుని కాల్ చేశాను. వాడి దగ్గర ఆసుంది. ఓడిపోయాను. అయినా అది సరైన కాలే.

మీ షీటులో ఆ కాలమ్ ఉందా?